రెండిళ్ల సందులో గాలి

బెజవాడలో బందరు బస్సెక్కి నా పక్కన కూర్చున్న ఆ అబ్బాయి పేరు నేనడగలేదు. ఒళ్లో కంప్యూటర్, అందులో ఒక ఎత్తైన మేడ, దాని చుట్టూ నీలం, ఎరుపు చారలు. నేత మనిషిని కదా, ఊరుకోలేకపోయాను.

"చీర డిజైనా బాబూ?"

"కాదండీ, గాలి. మేడకి గాలి ఎక్కడ గట్టిగా కొడుతుందో కట్టకముందే ఇందులో చూస్తాం. ఎర్రగా ఉన్నచోట ఎక్కువన్నమాట."

"మరి పక్కన ఇళ్లేం లేవా? మేం వీధిలో మగ్గానికి పడుగు నూలు సాగదీసేటప్పుడు రెండిళ్ల సందుకి ఎదురుగా పెట్టం నాయనా. గాలి ఆ ఇరుకులోంచి విసురుగా వచ్చి పోగులు తెంపేస్తుంది."

అతను కంప్యూటర్ మూసేశాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. ఆ బొమ్మలోని మేడ పక్కనే రెండో మేడ లేస్తుందని తెలిసినా, పని తొందరలో తను దాన్ని లెక్కలోకి తీసుకోలేదట. రెండూ కట్టాక, పోయిన వారం వాటి సందులోంచి వచ్చిన గాలికి పైనుంచి అద్దం ఊడి అక్కడి వాచ్‌మన్ మీద పడింది. మనిషి దక్కలేదు.

"పామర్రులో ఆయన భార్య దగ్గరికి వెళ్తున్నానండీ. తుఫాను గాలి, ఎవరి తప్పూ లేదని చెప్పి రమ్మన్నారు ఆఫీసులో. ఆవిడ కూడా మీలాగే పక్క మేడ సంగతి అడిగితే?"

అతని మొహం చూడలేక, "అడగదులే నాయనా, ఆవిడకేం తెలుసు?" అన్నాను.

అతని మొహం తేటపడింది. పామర్రు రాగానే నాకు దణ్ణం పెట్టి దిగిపోయాడు.

ఇప్పటికీ వీధిలో పడుగు పరిచి ఆ సందు దగ్గరికి రాగానే, నేనెన్నడూ చూడని ఆ వాచ్‌మన్ భార్యే గుర్తొస్తుంది.