గొలుసు కింద మనిషి

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే నవ్వేవాణ్ణి. చిమిండైంగ్ పేటలో మా పక్కగది వాళ్ళు శ్మశానం దారిన వెళ్ళడానికి తోడు అడిగితే ఎగతాళి చేసేవాణ్ణి. ఈ సంగతి జరిగాక మాత్రం పట్టపగలు కూడా ఏటి ఒడ్డున ఒంటరిగా నిలబడలేదు.

పంతొమ్మిది వందల ఇరవైల్లో నేను బర్మాలో, రంగం పట్నంలో దుబాసీని. మాది కాకినాడ. మోరితా అనే జపాను లాయరు దగ్గర పనిచేసేవాణ్ణి. ఆయన కోబేలో పుట్టి, లండన్‌లో బారిస్టరు చదివి, సింగపూరులో కొన్నేళ్ళు వాదించి ఇక్కడికొచ్చాడు. సరుకు ఒక దేశానిది, ఓడ ఇంకో దేశానిది, తగువు మూడో దేశంలో. అలాంటి కేసులే ఆయనకు అన్నం పెట్టేవి. కళ్ళతో చూసినవాడి మాట తప్ప దేన్నీ నమ్మేవాడు కాదు. మేమిద్దరం ఇంగ్లీషులో మాట్లాడుకునేవాళ్ళం. ఆయనకు తెలుగు ఒక్క ముక్క రాదు.

ఆ వానాకాలం సేక్కాన్ రేవులో ఒక జపాను ఓడకు బస్తాలు మోస్తున్న గురువులు అనే కూలీ కనిపించకుండా పోయాడు. శ్రీకాకుళం వైపు మనిషి. ఎవరో ఆడమనిషితో ఏటికవతల ట్వంటే ఊరికి పారిపోయాడని మేస్త్రీ చెప్పాడు. పరిహారం ఎగ్గొట్టడానికి ఓడవాళ్ళూ అదే మాట పట్టుకున్నారు. వాళ్ళ తరఫు లాయరు మోరితాయే. కూలీల ఇళ్ళల్లో ఆడవాళ్ళు గురువులు పెళ్ళాం నరసమ్మను చూసి నవ్వుకునేవారు. బొట్టు ఉంచుకోవాలో తీసెయ్యాలో ఆమెకు తెలియలేదు.

వాంగ్మూలం కోసం ఒక మధ్యాహ్నం ఆమెను ఆఫీసుకు పిలిపించాం. బయట జోరు వాన. పక్క గదిలో బర్మా గుమాస్తా ఊ ఫో ఉన్నాడు.

"ట్వంటేలో అతనికి ఇంకో సంసారం ఉందేమో అడుగు" అన్నాడు మోరితా. అడగలేక అడిగాను.

"అలాటోడు కాడు బాబూ" అని ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. "నానేటి సెప్పినా ఎవులింతారు?"

మోరితా తల వంచుకుని రాసుకుంటున్నాడు. ఆ వంచిన తల ఎత్తకుండానే అన్నాడు.

"ఓలె నరసీ, ఏడవకే. నానెక్కడికీ ఎల్లలేదు. రేవులోనే ఉన్నాను. పెద్ద గొలుసు కింద ఉన్నాను."

అలవాటుకొద్దీ దాన్ని ఇంగ్లీషులో చెప్పబోయి నోరు తెరిచాను. ఎవరికి చెప్పాలి? అప్పుడు అర్థమైంది. ఆ గొంతు ఆయనది కాదు. ఆ యాస నాకే రాదు, నా దగ్గర నేర్చుకోవడానికి.

నరసమ్మ కెవ్వుమనలేదు. లేచి బల్ల దగ్గరకు వెళ్ళి, "సలేత్తందా?" అని అడిగింది.

"సలి కాదే. బరువు."

పారిపోదామని కుర్చీలోంచి లేచాను.

మోరితా తలెత్తి, "ఏమందామె?" అని ఇంగ్లీషులో అడిగాడు. నోరంతా బురద రుచిగా ఉందని నీళ్ళు తెప్పించుకుని పుక్కిలించాడు. ఇంతలో ఊ ఫో తలుపు దగ్గరకొచ్చి గదంతా కలయజూశాడు. "ఇందాక మాట్లాడినాయన ఎటు పోయాడు?" అన్నాడు.

జరిగింది చెప్పాను. మోరితా మొదట కోప్పడ్డాడు. తర్వాత నరసమ్మ ముఖం చూసి, గొడుగు కూడా తీసుకోకుండా రేవుకు బయలుదేరాడు. మేస్త్రీ అడ్డుపడ్డాడు, ఓడవాళ్ళు వద్దన్నారు. అయినా రేవు అధికారులను బతిమాలి, నీటి మీద తేలే జెట్టీని ఏటి అడుక్కి కట్టిన పెద్ద గొలుసు పైకి తీయించాడు.

గురువులు దాని కిందే ఉన్నాడు.

నరసమ్మ మగడికి కర్మ చేయించింది. నవ్వినవాళ్ళే వచ్చి పక్కన కూర్చుని ఏడ్చారు. తన కక్షిదారు కేసు తానే పాడుచేసుకున్న లాయరుకు మాత్రం రంగంలో మళ్ళీ ఎవరూ పని ఇవ్వలేదు.

సింగపూరు ఓడ ఎక్కేముందు మోరితా నన్ను పక్కకు పిలిచాడు. ఆ రోజు తన నోటివెంట వచ్చిన మాటలు చెప్పమన్నాడు.

"ఎల్లలేదు" అన్నాను.

"ఎర్రరేదు" అన్నాడు.

మళ్ళీ చెప్పాను. మళ్ళీ అదే. ఎంత కష్టపడ్డా ఆయన నాలుక 'ల'కు తిరగలేదు. జపాను వాళ్ళకు ఆ అక్షరం పలకదట.

"అయితే ఆ రోజు మాట్లాడింది నేను కాదు కదా?" అని పసివాడిలా నా చెయ్యి పట్టుకున్నాడు.

ఆ చెయ్యి వదలకుండానే ఓడదాకా నడిచాను.