గజపతినగరం మండపంలో హేమ స్టాలు

ఎవరి ముక్కుకూ సోకని వాసనను సాకుగా చూపి ఒక స్త్రీని మహిళా వ్యాపార ప్రదర్శన నుంచి పంపించివేశారు. నిర్వాహకులు అచ్చు వేయించిన కరపత్రం నా దగ్గర భద్రంగా ఉంది. స్వయంగా వ్యాపారం చేసుకునే మహిళలందరికీ ఆహ్వానమని అందులో పెద్ద అక్షరాలతో ఉంది. ఫలానా వస్తువు తేరాదన్న వాక్యం మాత్రం ఎంత వెతికినా కనిపించదు. లేని నియమాన్ని అప్పటికప్పుడు పుట్టించి, దానిని ఒక్క మనిషికే వర్తింపజేశారు.

ఆ మనిషి పేరు హేమ. భావనపాడులో, సముద్రం మీద బతికే ఇంట పుట్టింది. ఇప్పుడు కోటబొమ్మాళిలో, మా వీధి చివర, ఒక గది అద్దెకు తీసుకుని ఉంటోంది. భర్త ఉమాశంకర్ గుజరాత్‌లోని వేరావల్ రేవులో మరపడవ మీద పనిచేస్తాడు. ఆగస్టులో రైలెక్కితే మళ్లీ ఎండాకాలంలోనే ఇల్లు చూస్తాడు. ఈ తీరంలో చాలా ఇళ్లకు అది మామూలే గనుక ఎవరూ దానిని ఎడబాటు అనరు, సీజను అంటారు. పడవ రేవుకు చేరిన రోజున ఫోను మోగుతుంది. తక్కిన రోజుల్లో హేమ ఆ ఫోనును ఊరికే ఛార్జింగ్‌లో పెట్టి తీస్తూ ఉంటుంది.

ఆమె అమ్మేవి గట్టి మూతల ప్లాస్టిక్ డబ్బాలు. ఆ కంపెనీ సరుకు కొట్లలో దొరకదు. ఏజెంట్లుగా చేరిన ఆడవాళ్లే నేరుగా అమ్మాలి. కంపెనీ వాళ్లు నేర్పిన పద్ధతి ఏమిటంటే, ఇరుగుపొరుగు స్త్రీలను ఇంటికి పిలిచి, టీ ఇచ్చి, కబుర్ల మధ్య డబ్బాలు చూపించాలి. పిలిస్తే వచ్చే ఇరుగుపొరుగు ప్రతి మనిషికీ ఉంటుందని ఆ కంపెనీ నమ్మకం.

హేమ మొదట్లో అలాగే చేసింది. టెంట్ హౌస్ నుంచి కుర్చీలు తెచ్చుకుంది. గోడకు కొత్త దుప్పటి కట్టి, దాని ముందు డబ్బాలు మెట్లు మెట్లుగా పేర్చింది. వీధిలో ప్రతి ఇంటికీ వెళ్లి పిలిచింది. వస్తామనే అన్నారందరూ. ఆ సాయంత్రం నేను వార్తాపత్రిక ఇవ్వడానికి వెళ్లేసరికి ఆమె ఖాళీ కుర్చీల మధ్య ఒక కుర్చీలో కూర్చుని ఉంది. గిన్నెలో టీ మీద మీగడ కట్టింది. "మీరైనా తాగండి పంతులుగారూ, మళ్లీ ఎచ్చబెట్టి ఇస్తాను" అంది. కుర్చీలు తిరిగి పంపడానికి ఆమె తొందరపడలేదు. మరికొంతసేపు చూద్దామనుకుంది కాబోలు.

తానే ఇళ్లకు వెళితే అరుగు మీద కూర్చోబెట్టి మాట్లాడేవారు. డబ్బాను లోపలికి తీసుకెళ్లి చూసేవారు గానీ మనిషిని లోపలికి పిలిచేవారు కాదు. అందువల్ల ఆమెకు ప్రదర్శనలూ సంతలే దిక్కయ్యాయి. స్టాలు అంటే ఎవరి గడపా కాని చోటు. అక్కడ బల్ల వెనుక నిలబడే మనిషి ఎవరింటికీ అతిథి కాదు, ఎవరి దయా అడగనక్కర్లేదు.

అయితే ఎక్కడ ఏ ప్రదర్శన జరుగుతుందో తెలిసేదెలా? పత్రికల్లో వచ్చేసరికి స్టాళ్లు నిండిపోతాయి. ఫ్లెక్సీలు కట్టేసరికి ప్రదర్శన మొదలైపోతుంది. హేమ ఒక ఉపాయం కనిపెట్టింది. టెంట్ హౌస్ జగన్నాధాన్ని అడగడం మొదలుపెట్టింది.

"మావా, ఈ నెల్లో షామియానాలు ఎక్కడికెల్తన్నాయి?"

"ఒసే, నీకు షామియానాతో పనేటే? పెళ్లి సేసుకుంటావేటి మల్లీ?"

"మీ వయసులో మీరే సేసుకోండి, నానొచ్చి వడ్డిస్తాను. పెళ్లిళ్లు కావు మావా, బల్లలు ఎక్కువ అడిగినోళ్లెవరో సెప్పు."

బల్లలు ఎక్కువ, కుర్చీలు తక్కువ అడిగితే అది అమ్మకాల ప్రదర్శన. కుర్చీలు ఎక్కువైతే సభ. ఆ లెక్క వాళ్లిద్దరికీ కుదిరింది. పలాసలోనూ, నరసన్నపేటలోనూ, ఇంకా పైకి విజయనగరం వైపూ షామియానాలు వెళ్లే చోటికల్లా హేమ సంచులు మోసుకుంటూ ఒంటరిగా వెళ్లేది. పక్క స్టాళ్ల వాళ్లు అక్కచెల్లెళ్లతో, తోడికోడళ్లతో వచ్చేవారు. ఒకరు తినడానికి వెళితే మరొకరు కూర్చునేవారు. హేమ బల్ల వదిలి కదిలే వీలులేక, గిరాకీ లేని సమయం చూసి, గోడ వైపు తిరిగి అన్నం తినేది.

ఆమె అమ్మే తీరు మాత్రం సందడిగా ఉండేది. భావనపాడులో తల్లి మరిడమ్మ ఇసుకలో ఎండబెట్టిన నెత్తళ్లనే చిన్న చేపలను ఒక డబ్బాలో వేసి మూత బిగించి, ఎదుట నిలబడిన వారి చేతికిచ్చేది. "లోపలేటున్నాదో సెప్పండి! ముక్కు దగ్గరెట్టుకోని మరీ సెప్పండి!" అని సవాలు చేసేది. అటుకులని ఒకరు, వేరుశనగలని ఒకరు అనేవారు. మూత తీసేసరికి "ఓలమ్మో!" అంటూ వెనక్కి గెంతి, నవ్వి, ఆ నవ్వు మీదే డబ్బాలు కొనేవారు. కోటబొమ్మాళి సంతలో ఆ ఆట కోసమే జనం గుమిగూడేవారు. ఎండుచేప వాసననే ఆపిన డబ్బాకు ఇంకే పరీక్ష కావాలి?

ఆ రోజుల్లోనే ఒకసారి ఉమాశంకర్ ఫోనులో అన్నాడట: "నెలకో రెండు ఎగ్జిబిషన్లు తప్పకుండా తగిలితే నాను మల్లీ ఏరావలు ఎల్లనే. నీ సంచులు మోసుకోని తిరుగుతాను."

"కూలేటి అడుగుతావు బావా?"

"పూటకింత సేపల కూర. ఇక్కడ రొట్టెలు తిని నాలిక సచ్చిపోనాది."

ఈ మాట హేమ నాతో చాలాసార్లు చెప్పింది. చెప్పిన ప్రతిసారీ అది కొత్తగా విన్నట్లే నవ్వింది. ప్రదర్శనలు తప్పకుండా దొరకాలంటే గజపతినగరంలోని మహిళా వ్యాపార సంఘంలో చేరాలని తెలుసుకుంది. రెండు జిల్లాల్లో జరిగే మంచి ప్రదర్శనలన్నిటి కబురూ ఆ సంఘం వాట్సాప్ గ్రూపులోనే ముందుగా వస్తుంది. స్టాళ్ల కేటాయింపూ అక్కడే. ఆమెను గ్రూపులో చేర్చుకున్నారు. మొదటి అవకాశంగా గజపతినగరం కల్యాణ మండపంలో స్టాలు ఇచ్చారు.

సంఘం కార్యదర్శి చూడామణి గారు సంగీత పాఠాలు చెప్పే విదుషి. ప్రారంభోత్సవం కాగానే స్టాళ్లన్నీ చూస్తూ హేమ బల్ల దగ్గరకు వచ్చారు. డబ్బా చేతిలోకి తీసుకున్నారు.

"మూత ఎంత గట్టిగా పట్టిందమ్మా! లోపల ఏం పెట్టావు?"

"మీరే సెప్పాలండి అమ్మగోరు. వాసన సూడండి."

ఆమె చూశారు. "ఏ వాసనా లేదే. మరమరాలా?" పక్కనున్న సభ్యురాలు కూడా డబ్బాను ముక్కు దగ్గర పెట్టుకుని, "ఖాళీ డబ్బా ఇచ్చి మనల్ని ఆటపట్టిస్తోంది" అంది. అందరూ నవ్వారు.

హేమ చేసిన పొరపాటు ఇక్కడే ఉంది. సంతలో నవ్వు పుట్టించిన మాట మండపంలోనూ నవ్వే పుట్టిస్తుందనుకుంది. మూత తీయలేదు, అంతవరకు ఆమెకు తెలుసు. పేరు మాత్రం చెప్పింది. "నెత్తళ్లండి అమ్మగోరు! మాయమ్మ ఎండబెట్టినవి."

ఎవరూ నవ్వలేదు. చూడామణి గారు డబ్బాను బల్ల మీద పెట్టి, చేతులు చీరకు తగలకుండా ఎడంగా పట్టుకుని నీళ్లడిగారు. ఖాళీ డబ్బా అన్న సభ్యురాలే, "పొద్దున్నుంచీ ఏదో నీచువాసన అనుకుంటూనే ఉన్నాను" అంది.

"దేవుడి పటాలున్న మండపమమ్మా ఇది. ఆ మాత్రం తెలియదా?" అన్నారు చూడామణి గారు.

"ఎవరూ సెప్పలేదండి. ఇప్పుడే బయట పారేసొస్తాను. డబ్బా కూడా పారేస్తాను. ఖాళీవి పెట్టుకోని అమ్ముకుంటానండి."

"వద్దులేమ్మా. మీ చేపలవాళ్లకు అది వాసనగా అనిపించదు. వచ్చేవాళ్లు ఏమనుకుంటారు?"

"వాసన లేదని మీరే అన్నారు గదండి."

"వాదించకమ్మా. సర్దుకో."

పక్క స్టాలులో చేపల పులుసు మసాలా పొట్లాలు అమ్ముతున్నారు. పొట్లం మీద చేప బొమ్మ రంగుల్లో ఉంది. వారిని సర్దుకోమని ఎవరూ అనలేదు. హేమ పేర్చిన డబ్బాలను ఒక్కొక్కటిగా సంచుల్లోకి దించుతుంటే చుట్టూ ఉన్నవారు తమ తమ సరుకు సర్దుకోవడంలో మునిగిపోయారు. తిరుగు ప్రయాణంలో విజయనగరం స్టేషన్‌లో పాసింజరు కోసం ఆమె సంచుల మధ్య కూర్చుంది. ఫోను తీసింది. పడవ అప్పుడు సముద్రం మీద ఉంది. ఎవరికి చెయ్యాలో తెలియక మళ్లీ దాచుకుంది. రైలు దిగేలోపు సంఘం గ్రూపులోంచి ఆమె పేరు తీసేశారు.

మర్నాడు ఉదయం సంచులతో సహా మా అరుగు మీద కూర్చుని ఇదంతా చెప్పింది. ఆ డబ్బా చాలాసేపు నా పక్కనే ఉంది. మాది తరతరాలుగా ఆలయ సేవ చేసిన ఇల్లు. చేప వండడం మాట అటుంచి, దాని పేరు కూడా పలకరు. లోపలున్నదేమిటో హేమ చెప్పేవరకు మా ఇంట్లో ఎవరికీ తెలియలేదు. మండపానికి పట్టింపులు ఉండవచ్చు, వాటిని నేను కాదనను. పట్టింపు ఉంటే ముందుగా చెప్పాలి, తెలియక తెచ్చిన దానిని బయట పెట్టనివ్వాలి. చెప్పకుండా శిక్షించి, దిద్దుకుంటానన్నా వినకుండా, పుట్టుకను ఎత్తిచూపి పంపించడాన్ని పట్టింపు అనరు. ఇదే మాట రాసి సంఘానికి రిజిస్టరు పోస్టులో పంపాను. అందినట్లు సంతకంతో కార్డు తిరిగి వచ్చింది. జవాబు రాలేదు.

జగన్నాధం ఇప్పటికీ షామియానాల కబురు చెబుతూనే ఉన్నాడు. వెళ్లిన చోటల్లా స్టాళ్ల జాబితా సంఘం చేతిలో ఉందంటున్నారు. హేమ గేటు దాకా వెళ్లి తిరిగి వస్తోంది. ఎండాకాలంలో ఇంటికి వచ్చిన ఉమాశంకర్ వర్షాలు పడేదాకా ఎదురుచూశాడు. ఒక్క ప్రదర్శన కూడా కుదరలేదు. పడవ యజమాని మనిషి వచ్చి అడిగినప్పుడు సరేనన్నాడు. ఆగస్టులో, ఎప్పటిలాగే, వెళ్లిపోయాడు. మొన్న నేను వెళ్లేసరికి ఆమె సాయంత్రం వంట ఒక్కదానికే వండుకుని, వడ్డించుకోకుండా కూర్చుని ఉంది. "తినాల పంతులుగారూ, తింటాను" అంది.

చూడామణి గారూ, సంఘ సభ్యులారా! విజయనగరంలో దసరాకు ముందు మీరు మరో ప్రదర్శన పెట్టబోతున్నారని విన్నాను. మీ నియమాలేవో కరపత్రం మీదనే అచ్చు వేయించండి. అవి చేప బొమ్మ పొట్లాలకూ హేమకూ ఒకేలా వర్తించాలి. ఆమెను గ్రూపులో తిరిగి చేర్చండి. ఆ ప్రదర్శనలో ఆమెకు స్టాలు కేటాయించండి. కేటాయించిన సంగతి నాకు ఉత్తరంగా రాయనక్కర్లేదు. హేమకు ఫోను చేసి, మీ నోటితో చెప్పండి.