వెల్దుర్తి పెరట్లో గంజాయి పెళ్లి

1943. యుద్ధం రోజులు. నా పేరు మీరా, నరసరావుపేటలో ఆబ్కారీ ఆఫీసు బంట్రోతుని. ఆబ్కారీ అంటే సారా, కల్లు, నల్లమందు, గంజాయి చూసుకునే సర్కారు శాఖ. నేను చదివింది నాలుగో క్లాసు. ఇట్లా కూర్చుని రాయడం ఇదే మొదలు. ఎక్కడైనా తడబడితే మన్నించండి.

ఆ రోజుల్లో గంజాయిని లైసెన్సు షాపుల్లో అమ్మేవాళ్లు. బాపట్ల వైపు సర్కారు అనుమతితో తోటలు కూడా వేసేవాళ్లు. కానీ ఇంటి పెరట్లో ఒక్క మొక్క పెంచినా నేరమే. అట్లా పెంచారని కబురొస్తే ఇన్‌స్పెక్టరు గారు రైడుకు బయల్దేరతారు, అంటే చెప్పకుండా వెళ్లి సోదా చేయడం. వెనక సంచీ మోస్తూ నేను.

సంచీ మోయడం ఒక్కటే కాదు నా పని. గంజాయి బలమంతా దాని బంకలో ఉంటుంది. ఆడమొక్క పూతకంకిని రెండు అరచేతుల మధ్య నలిపితే చేతులు అతుక్కోవాలి. అతుక్కుంటే సరుకు, లేకపోతే చెత్త. ఇన్‌స్పెక్టరు గారు ఆచారం గల మనిషి, దాన్ని ముట్టుకోరు. అందుకని నా అరచేతులే ఆఫీసు మిషను. రైడు జరిగిన రోజు ఇంటికెళితే, ఆముదం రాసి తోమితే గాని మా ఇంటిది నన్ను అన్నం కుండ దగ్గరికి రానిచ్చేది కాదు.

ఆ చలికాలంలో వెల్దుర్తి నుంచి కబురొచ్చింది. కోటయ్య అనే రైతు పెరట్లో గంజాయి ఇంటి చూరు దాటి పెరిగిందని. బొగ్గుతో నడిచే బస్సెక్కి కారంపూడి దాకా, అక్కణ్ణించి ఎద్దుబండి మీద వెళ్లాం. ఊరి మునసబు గారిని సాక్షిగా వెంటబెట్టుకుని కోటయ్య ఇంట్లో దిగాం.

కోటయ్య పారిపోలేదు. దాచలేదు. మమ్మల్ని చూడగానే చుట్టాలొచ్చినట్టు ఎదురొచ్చి పెరట్లోకి తీసుకెళ్లాడు. నాలుగు మొక్కలు. రెండు మగవి, రెండు ఆడవి. నేను అంతకుముందు చానా మొక్కలు చూశాను గాని ఇట్లాంటివి చూడలేదు. ఆడమొక్కలకు పసుపు తాడు కట్టి ఉంది. తాడుకు పసుపు కొమ్ము. మొక్క మొదలు దగ్గర కుంకుమ.

కోటయ్య నేరుగా ఇన్‌స్పెక్టరు గారి దగ్గరికి పోయి, "బాబూ, తెలిసినోళ్లు మీరు. ఇంత ఏపుగా పెరిగినా బంకెందుకు పట్టలేదో చెప్పండి" అన్నాడు.

"నిన్ను పట్టుకోడానికి వచ్చామయ్యా మేము."

"పట్టుకుందురు గాని. ముందు ఇది చెప్పండి."

శ్రీశైలం పోయే బైరాగి ఎవరో గింజలిచ్చాడట. మొలిచిన దగ్గర్నుంచి కోటయ్య చేయని సేవ లేదు. ఒకరు గొర్రె ఎరువు వేయమంటే వేశాడు. ఇంకొకరు నీళ్లు ఎక్కువైతే బంక రాదంటే మొక్కలు వాడిపోయేదాకా ఎండగట్టాడు. నీడ పడుతోందంటే మునగచెట్టు కొమ్మలన్నీ కొట్టేశాడు. బెల్లం నీళ్లు పోస్తే జిగురు వస్తుందంటే అదీ పోశాడు, చీమలు పట్టాయి. ఇదంతా ఆయన చెబుతుంటే ఇన్‌స్పెక్టరు గారు కోపం మర్చిపోయి వింటున్నారు.

"ఈ తాళ్లేంది?" అని మునసబు అడిగాడు.

"మా ఆడదే కట్టింది. ఆడామగా పక్కపక్కన మొలిచినయ్యి, పెళ్లి చెయ్యకుండా ఉంచితే ఇంటికి అరిష్టం అంది. వేపకీ రావికీ చెయ్యట్లా? అట్టాగే."

ఆయన భార్య సుబ్బమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. జొన్న కోతకొచ్చిందనీ, ఈయన్ను తీసుకుపోతే చేను పిట్టల పాలవుతుందనీ మునసబుకు చెప్పుకుని కళ్లొత్తుకుంది. ఆవిడ మాటలో మా పల్నాడు మొరటుదనం లేదు. అప్పుడది నేను పట్టించుకోలేదు.

మొక్కలు పీకాలి. పీకాలంటే తాళి తెంపాలి. ఇన్‌స్పెక్టరు గారు రెండడుగులు వెనక్కి వేసి నాకు సైగ చేశారు. సాయిబుని, పసుపు తాడు నేను తెంపితే ఊళ్లో మాటొస్తుందేమో అన్నాను. ఆయన మునసబు వంక చూశారు.

"నా వల్ల కాదు బాబూ. ఇంట్లో పెళ్లీడు పిల్లలున్నారు" అన్నాడు మునసబు.

సర్కారు చట్టం అట్లా పసుపు తాడు దగ్గర ఆగిపోయింది. చివరికి సుబ్బమ్మే వచ్చి, దణ్ణం పెట్టుకుని, తాళ్లు విప్పి కొంగున కట్టుకుంది. ఇన్‌స్పెక్టరు గారు అప్పుడు గాని ఊపిరి వదల్లేదు.

నేను మొక్కలు పీకి, ఒక కంకి తెంపి నలిపాను. అరచేతులు అతుక్కోలేదు. ఆవాలు రాలినట్టు జలజలా గింజలు రాలాయి. ఇంకో కంకి నలపమన్నారు. అదీ అంతే. నాలుగో కంకికి నా చేతులు మండాయి గాని జిగురు లేదు.

"మీరా, నీ చేతులు సరిగ్గానే ఉన్నాయా?" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు.

ఆయన భయం నాకు తెలుసు. అంతకుముందు ఒక కేసులో కోర్టువారి ముందు ప్లీడరు మా గంజాయి ఆకు పట్టుకుని ఇది గోంగూర అని వాదించి గెలిచాడు. పేటలో మా ఇన్‌స్పెక్టరు గారిని చూసి జనం గోంగూర రేటు అడిగేవాళ్లు. అప్పట్నుంచి, గంజాయి నిలవచేసే సర్కారు డిపో వాళ్లు సరుకేనని చెబితే గాని కోర్టు మెట్లెక్కనని ఒట్టు పెట్టుకున్నారు. అందుకని శాంపిల్ కట్టి, లక్క సీలు వేసి డిపోకు పంపాం. డిపో సరే అంటే కోటయ్యకు జైలే. అప్పటిదాకా మునసబు పూచీ మీద వదిలిపెట్టాం.

శాంపిల్ తీసుకెళ్లింది నేనే. డిపో పెద్దమనిషి సీలు విప్పి, కంకి విదిలించి నవ్వాడు.

"ఇదేం గంజాయయ్యా, పిట్టలకేసే మేత. మగమొక్క పక్కనుంటే ఆడది గింజ కడుతుంది, ఇక బంక ఏం పడుతుంది? నేల చూసుకోవాలి, నీళ్లు చూసుకోవాలి, ఎండ తగలాలి, అన్నీ నిజమే. కానీ తోటల్లో ముందు చేసే పని మగవాటిని ఏరి పారెయ్యడం. అందుకు వేరే మనుషులే ఉంటారు."

సరుకు కాదని చెప్పేశాడు. మళ్లీ కోర్టులో నవ్వులపాలు కాలేక ఇన్‌స్పెక్టరు గారు కేసు మూసేసి, ఇంకోసారి పెంచితే ఊరుకునేది లేదని చెప్పి రమ్మని నన్ను వెల్దుర్తి పంపారు.

కోటయ్య చేలో ఉన్నాడు. జైలు లేదనగానే కొడవలి కింద పెట్టి నా చేతులు పట్టుకున్నాడు. తర్వాత డిపోలో చెప్పిన కారణం చెప్పాను. ఆయన మొహం పాలిపోయింది.

"అయితే మగదాన్ని పీకితే సరిపోయేదా?"

"సరిపోయేది."

"పెళ్లి చేసినాక ఎట్టా పీకేది మీరా? నాకు మనసొప్పద్దా?" అని కొడవలి తీసుకుని మళ్లీ జొన్న కోతకు వంగాడు. ఆ మనిషిని జైలు కూడా అంత బాధపెట్టేది కాదేమో.

తిరిగి వస్తూ మంచినీళ్లకు వాళ్లింటి దగ్గర ఆగాను. సుబ్బమ్మ చెంబు ఇచ్చింది. తాగి, పుట్టిల్లు ఎక్కడమ్మా అని అడిగాను.

"బాపట్ల కాడ అన్నా."

"మీ నాయన ఏం చేసేవాడు?"

ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "లైసెన్సు తోటల్లో కూలి. మగమొక్కలు ఏరేవాడు."

అన్నీ తెలిసే పెళ్లి చేశావా అన్నాను.

"ఆ పొగ మరిగితే మగాడు అరుగు దిగడన్నా. మా అన్నల్ని చూశా. వద్దంటే ఈయన వింటాడా? అందుకని పెళ్లి చేశా. తాళి కట్టినాక మగమొక్కల్ని ఎవరూ పీక్కుండా ఆయనే కాపలా కాస్తాడు." చెంబు తీసుకుంటూ, "ఆయనకు చెప్పొద్దు. మంచోడు, నొచ్చుకుంటాడు" అంది.

చెప్పలేదు. ఆఫీసులోనూ చెప్పలేదు. గంజాయికి బంక పట్టాలంటే ఎండ, నేల, నీళ్లు చూసుకోవాలని డిపోలో నేర్చుకున్నాను. ఇంటి ఇల్లాలి ఒప్పుదల కూడా ఉండాలని వెల్దుర్తిలో నేర్చుకున్నాను. ఆ తర్వాత ఏ పెరట్లోకి రైడుకు వెళ్లినా, కంకి నలిపే ముందు ఆ ఇంటావిడ పుట్టిల్లు ఎక్కడో అడిగేవాణ్ణి.