చివరి ఇంటి దీపానికి వంతు

నా రాత వంకరగా ఉంటుంది, అక్షరాల్లో తప్పులు దొర్లుతాయి. ఊరి బడిలో అబ్బిన చదువు ఇంతే, మన్నించి చదవండి. ఎల్లారెడ్డిలో మా చెల్లె ఇంటికి బియ్యం మిల్లు నుంచి వేసిన కరెంటు తీగ పీకేస్తారని కబురొచ్చింది. వాడలో అది చివరి ఇల్లు. సాయంత్రాలు బీడీలు చుట్టుకోవడానికి ఆమెకు ఆ దీపమే ఆధారం. అందుకే బయల్దేరాను.

పొద్దున్నే కామారెడ్డి స్టేషను ముందు బస్సెక్కాను. కిరాయి దారిలో వసూలు చేస్తారు, చిల్లర దగ్గరుంచుకోవాలి. దారంతా దుమ్ము.

"ఏం తాతా, గంత కోపంగున్నవ్? ఎవరి మీదికి?" అన్నాడు డ్రైవరు.

"మిల్లు మీదికి."

బస్సంతా నవ్వింది. నేను నవ్వలేదు.

మధ్యాహ్నానికి చేరాను. పొద్దు గూకగానే కరెంటిచ్చే మిల్లు ఇంజను మోత మొదలైంది. ముందు ఇళ్లలో దీపాలు తెల్లగా వెలిగాయి. మా చెల్లె ఇంట్లో బల్బు మాత్రం బీడీ కొసలా ఎర్రగా ఉంది. అంతలో మిల్లు మిస్త్రీ నిచ్చెనతో ఇంట్లోకి వచ్చాడు.

"సన్న తీగ, దూరమెక్కువ. నడుమ అన్ని ఇండ్లు గుంజుకుంటే, తీగ వేడెక్కుడుకే సగం పోతది. గీ కొసకేం మిగుల్తది పెద్దయ్యా? కందీలు వెలిగించుకోండ్రి. వెలగని దీపానికి తీగెందుకని మిల్లు సావుకారు పీకి తెమ్మన్నడు."

"తియ్యనియ్య," అన్నాను.

మా పొలం కూడా చెరువు తూముకు చివరిదే. చివరి మడి ఎండుతుంటే పైవాళ్లు కాసేపు తమ మడికి నీళ్లు పారే మడవలు కట్టేస్తారు. అది మా కట్టుబాటు. ఆ మాటే చెప్పాను.

"కరెంటు కాలువ నీళ్లా?" అన్నాడు మిస్త్రీ.

"నువ్వు ఇండ్లకు పోయి అడిగిరా అన్నా, నేను నిచ్చెన కదలనియ్య," అంటూ మా చెల్లె బీడీల చాటతో సహా దాని మెట్టు మీద కూర్చుంది.

నలుగురిలో నోరు విప్పని వాణ్ణి. ఆ సాయంత్రం ఇంటింటికీ వెళ్లి కాసేపు దీపం ఆర్పమని అడిగాను.

"దీపానికి గూడ వంతులా మామా?" అని మొదటి ఇంటి లచ్చవ్వ నవ్వింది.

"నీళ్లకు లేదా?"

"సరే, బువ్వ తినేదాక ఆర్పుత. మళ్ల నా వంతు నాకియ్యాలె!"

ఒక్కో ఇల్లూ చీకటైంది. తిరిగొచ్చేసరికి మా చెల్లె చేతిలోని తునికాకు ఈనెలు నాకు గుమ్మంలోంచే కనిపించాయి.

మిస్త్రీ బల్బు వైపు చూశాడు. "తీగ మీద బరువు తగ్గింది గదా," అని గొణిగాడు. "సావుకారుకు ఏం చెప్పాలె?"

"వెలుగుతున్నదని చెప్పు. లావు తీగ పంపమని గూడ చెప్పు."

చెల్లె లేచింది. అతను నిచ్చెన భుజానికెత్తుకుని వెళ్లిపోయాడు.

కొసన ఉన్నాం కాబట్టి మసకతో సరిపెట్టుకోమంటే నేను సరిపెట్టుకోను. లావు తీగ వచ్చేదాకా వాడంతా వంతులే. మీ వాడకు తీగ వేయించుకుంటే, అన్ని ఇళ్లలో దీపాలు వెలిగించి, చివరి ఇంట్లో నిలబడి చూశాకే సరేననండి. మీ దగ్గర ఆ చివరి దీపం ఎలా వెలుగుతోందో త్వరగా జాబు రాయండి.