క్వారీ కొండ మీద నాన్నగారి ఆఖరి ట్రిప్పు

మొన్న ఆదివారం ఆరాధన ముగిసి, రాజమండ్రిలో మా మందిరం మెట్లు దిగుతుంటే వీధి చివర ఏదో ఊరేగింపులో టపాకాయల దండ పేలింది. చేతిలో సంచీ జారిపోయి మెట్ల మీదే కూలబడ్డాను. పాస్టరమ్మ పరుగున వచ్చి, "ఏంటండీ అమ్మగారూ, చంటిపిల్లలే నవ్వుతుంటే మీరు ఇలా అయిపోయారేంటి!" అంటూ లేవదీసింది. నేనూ నవ్వేశాను గానీ, ఆ చప్పుడు వింటే చాలు, నాకు మా క్వారీ కొండ కళ్ళ ముందు నిలుస్తుంది.

గోదావరి గట్టుకు ఎడంగా, పొలాల మధ్య ఒంటరిగా ఉండేది ఆ కొండ. తెల్లదొరల కాలంలో రైలు కట్టలకు కంకర కావాలని తవ్వడం మొదలుపెట్టి, పైదాకా పట్టాలు వేసి, పెంకుటిళ్ళ క్వార్టర్లూ, చిన్న ఆస్పత్రీ, ఒక రాతి చర్చీ కట్టించారట. రైల్వే కాలనీల్లో పెరిగిన నా వయసువాళ్ళకు చెప్పనక్కర్లేదు, ఆ ఆకుపచ్చ కిటికీలూ, షిఫ్టు సైరను కూతకే పొయ్యి మీద ఎసరు పెట్టే అమ్మలూ, చీకటి పడేసరికి ఒళ్ళంతా రాతిదుమ్ముతో దెయ్యాల్లా తిరిగొచ్చే నాన్నలూ. మా నాన్నగారు క్వారీ ఇంజను డ్రైవరు, సంఘంలో పెద్ద కూడా. వారమంతా కంకర వ్యాగన్లు దింపి, ఆదివారం తెల్లచొక్కా తొడుక్కుని వాక్యం చదివేవారు. ఆయన నోట అబద్ధం ఎవరూ వినలేదు. నేను బడికి ఆలస్యమైతే అందరి తండ్రుల్లా జ్వరమని చీటీ రాసివ్వకుండా, మొద్దునిద్ర పోయిందని రాసిచ్చేవారు. ఆ చీటీ పట్టుకుని క్లాసులో నిలబడ్డ సిగ్గు ఇప్పటికీ గుర్తుంది.

తొంభైల నడిమికి క్వారీ పని తగ్గిపోయింది. ఇంజనుకు తగిలించి పైకి తెచ్చే నీళ్ళ వ్యాగను రావడం అరుదైపోయి, మేం ఆడవాళ్ళం బిందెలు పట్టుకుని కొండ కింది ఊరి కుళాయికి దిగవలసి వచ్చేది. ఒకరోజు ఆ ఊరి సర్పంచిగారి తమ్ముడి కొడుకు మా అమ్మ బిందెను కాలితో తన్ని, "దాహమేస్తే మీ ఇంజను తాగండే, అదీ మీదేగా!" అన్నాడు. లైను మీద గ్యాంగుమన్నుగా పనిచేసే మా అన్నయ్య ఆ బిందెతోనే వాడి తల పగలగొట్టాడు. ఆనాటి నుంచి అన్నయ్య కొండ దిగితే ప్రాణాలతో తిరిగి ఎక్కడని కింద కబురు. కొండమీదివాళ్ళు నాటుబాంబులు తెప్పించారని దానికి తోడు ఇంకో పుకారు.

అంతలో నాన్నగారి రిటైర్మెంటు వచ్చింది. రైల్వేలో ఒక ఆచారం ఉంది. పొగమంచులో డ్రైవరును హెచ్చరించడానికి పట్టాల మీద బిగించే టపాకాయలుంటాయి, చక్రం ఎక్కగానే ఢామ్మని పేలతాయి. డ్రైవరు ఆఖరి ట్రిప్పు రోజున తోటివాళ్ళు వాటిని దారి పొడవునా పెట్టి, ఆ మోతతో సాగనంపుతారు. అన్నయ్యా, అతని గ్యాంగువాళ్ళూ కొండ అడుగు నుంచి చర్చి దాకా బిగించారు. కింది ఊరికి అది ఎలా వినిపిస్తుందో మాలో ఒక్కరికీ తట్టలేదు. అరటిపిలకలూ బంతిదండలూ కట్టిన ఇంజను పైకి ఎక్కుతుంటే కొండంతా దద్దరిల్లింది, మేం చప్పట్లు కొట్టాం. కింద మాత్రం కొండవాళ్ళు బాంబులేస్తున్నారని కేకలు లేచాయట. నాన్నగారు మెడలో దండలతో ఇంజను దిగి చర్చి దగ్గరికి వచ్చేసరికి, అవే పట్టాల వెంట కత్తులూ పారలూ దుడ్డుకర్రలతో ఊరు ఊరంతా ఎక్కివచ్చింది.

మొదటి వరస క్వార్టర్ల కిటికీలు పగిలాయి. అడ్డుపడిన గ్యాంగుమేస్త్రిని పట్టాల మీద పడేసి, పళ్ళు రాలేదాకా కొట్టారు. మేమంతా చర్చిలో దూరి తలుపు మూశాం. నాన్నగారు ఒక్కరే బయట నిలబడిపోయారు.

"డ్రైవరు గారూ, మీతో మాకు గొడవ లేదండి," అన్నాడు తల పగిలిన కుర్రవాడి తండ్రి, చేతిలో కత్తి అలాగే ఉంచుకుని. "మీవోడు లోపలున్నాడా, లేడా? అదొక్కటి చెప్పండి."

"అవి బాంబులు కావు బాబూ, రైలు టపాకాయలు."

"అదడగలేదండి. ఉన్నాడా, లేడా?"

తలుపు వెనక అమ్మ నా భుజం పట్టుకుని, లేడనండి, ఒక్కసారి లేడనండి, అని గొణుగుతోంది. నేను జీవితంలో అంత గట్టిగా ప్రార్థించింది ఆ క్షణంలోనే, మా నాన్నగారు అబద్ధం చెప్పాలని.

"ఉన్నాడు," అన్నారు నాన్నగారు. "నన్ను దాటి వెళ్ళండి."

పార కర్రతో కొట్టిన మొదటి దెబ్బకే ఆయన భుజం ఎముక విరిగిన చప్పుడు లోపలికి వినిపించింది. అన్నయ్య మమ్మల్ని తోసుకుని గునపంతో బయటికి దూకాడు. ఎత్తిన గునపం దిగితే ఒక ప్రాణం పోయేదే. నేల మీద పడి ఉన్న నాన్నగారు, "కింద పడెయ్ రా!" అని అరిచారు. ఆ గొంతుకు చిన్నప్పటి నుంచీ లోబడినవాడు, పడేశాడు. ఆ వెంటనే కత్తి అతని కుడి మణికట్టు మీద పడింది. చెయ్యి తోలు మీద వేలాడింది. చర్చి మెట్ల మీద ఒకరి రక్తంలో ఒకరు తండ్రీకొడుకులు. అంత నెత్తురు చూసేసరికి నరికినవాడే కత్తి వదిలేశాడు. గుంపు వెనక్కి జరిగి, ఒక్కొక్కరే దిగిపోయారు.

కాకినాడ ఆస్పత్రిలో చెయ్యి తీసేశారు. స్పృహ వచ్చాక అన్నయ్య మాట్లాడిన మొదటి మాట నేను మరిచిపోలేదు. "నా చేతిలో గునపం కింద పెట్టించారు. మీ నోట్లో మాట ఒక్కటి ఆపుకోలేకపోయారా నాన్నగారూ?" తర్వాత కోర్టులో కూడా, ముందు బిందెతో కొట్టింది మావాడేనని ఆయనే చెప్పారు. అన్నయ్య మళ్ళీ ఏ మందిరం గడపా తొక్కలేదు.

ఇప్పుడు అక్కడ కాలనీ లేదు, పట్టాలు పీకేశారు, సగం కొండ రోడ్ల కింద కంకరై పోయింది. నాన్నగారు ప్రభువు పిలుపుకు వెళ్ళిపోయారు. ఆయన ఆనాడు చెప్పిన నిజాన్ని మా సభల్లో సాక్ష్యంగా చెబుతుంటారు, కుర్రవాళ్ళు కళ్ళు తుడుచుకుంటారు. అన్నయ్య చెయ్యి గురించి ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. అలాంటి మనుషులు ఇప్పుడు లేరని నేనూ వాళ్ళతో పాటే నిట్టూరుస్తాను, అది నిజం కూడా. నాన్నగారు నమ్మిన దేవుణ్ణే నేనూ నమ్ముతున్నాను, ఆయనంత గట్టిగానే. కానీ నాకూ ఒక కొడుకున్నాడు. అలాంటి గుంపే నా వాకిట్లోకి వచ్చి అడిగితే, లేడనే చెబుతాను. వాళ్ళు వెళ్ళిపోయాక, తలుపు గడియ వేసుకుని మోకరిస్తాను.