జహ్రా దారిలో కుస్తీ

ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించిన ఆ వేసవిలో, జోర్డాన్ మీదుగా ఇండియా చేరదామని బయల్దేరాం. జహ్రా ఊరు దాటాక సైనికులు మా బస్సును ఆపారు. రోడ్డు పక్కన వాళ్ల అధ్యక్షుడి నిలువెత్తు బొమ్మ ఉంది. ఏమీ తోచక కూర్చున్న ఆ కుర్రాళ్లు నన్నూ, నా పక్క సీటులోని పాలస్తీనా మాస్టారినీ దించారు. మేమిద్దరం కుస్తీ పట్టాలట. గెలిచినవాడు బొమ్మకు సలాం కొడితే బస్సును వదులుతారట.

నేను కడప జిల్లావాణ్ణి, కువైట్‌లో ఒకరింటి డ్రైవర్ని. బడిలో చరిత్ర చెప్పే ఆయనకు అరవై దాటి ఉంటాయి. చెయ్యి వెయ్యడానికే భయపడ్డాను. ఆయనే నా మెడ పట్టుకుని చెవిలో చెప్పారు.

"రోమన్లు మా దేశంలో ఇదే ఆట ఆడించేవాళ్లు. చక్రవర్తి బొమ్మకు మొక్కించేవాళ్లు. ఓడినవాడు వేలెత్తి ప్రాణం అడుక్కునేవాడు. నన్ను పడెయ్యి, వేలెత్తుతాను."

మెల్లగా పడుకోబెట్టాను. ఆయన కళ్లు మూసుకుని చూపుడు వేలు ఎత్తారు.

నవ్వులు ఆగిపోయాయి. "ముసలాయన పోతున్నాడు! షహాదా చెబుతున్నాడు!" అని ఒక సైనికుడు అరిచాడు. చివరి ఘడియలో ముస్లింలు అలా వేలెత్తి, దేవుడొక్కడేనని పలుకుతారని నాకప్పుడే తెలిసింది.

అది మేం అనుకున్న వేలో, నిజంగానే చివరి ఘడియో తెలియక, "సామీ, ఈయప్పకేమన్నా అయితే నేనేం జేసేది!" అని కూలబడ్డాను. సైనికులు నీళ్లు తాగించి, ఆయన్ని ఎత్తుకొచ్చి సీట్లో కూర్చోబెట్టి, "యల్లా, యల్లా, పోండి" అంటూ బస్సును పంపేశారు. సలాం సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

బస్సు కదిలాక మాస్టారు ఒక కన్ను తెరిచి, వెనకబడిపోతున్న సైనికుల వైపు చూశారు.

"ఇలాంటి పిల్లలు చరిత్ర పాఠంలో నిద్రపోయినందుకు సంతోషించడం నాకిదే మొదటిసారి" అన్నారు.