గోరు నొక్కిన చోటు

రెండువేల ఐదో, ఆరో. మదనపల్లె నుంచి పుంగనూరు వెళ్లే బస్సులో, విమానం నుంచి తీసిన చేల ఫోటో ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. దాని మీద పొలాల హద్దులు ఎర్రగీతలుగా వేసి ఉన్నాయి. అలాంటి ఫోటోలు సరిదిద్దడమే నా ఉద్యోగం. పక్కసీటులో టమాటా బుట్టతో కూర్చున్న పెద్దావిడ వంగి చూసి, రోడ్డు మలుపును బట్టి తన చేను పోల్చుకుంది.

“ఈ గీత మా చేని గెనిమేనా? మా బాయి దీనికి ఈ పక్కన గదా ఉండాది! పక్కోళ్ల చేలోకి యాల పోయిందప్పా?”

“గాలికి విమానం ఒరుగుతుందమ్మా. ఎంత ఒరిగిందో అందులో ఒక యంత్రం క్షణక్షణం రాసుకుంటుంది. ఆ లెక్కతోనే ఫోటో సరిచేశాను. తప్పు రాదు.”

“ఒరిగింది ఇమానం గదప్పా. మా బాయి యాడికీ పోలేదే!” అంటూ బావి ఉండాల్సిన చోట బొటనవేలి గోరు గట్టిగా నొక్కింది.

ఆఫీసుకెళ్లి వెతికాను. కెమెరా గడియారానికీ, యంత్రం గడియారానికీ ఒక సెకను తేడా ఉంది; ఫోటో తీసిన క్షణానికి కాకుండా వేరే క్షణపు ఒరుగు లెక్క వాడాను. అది సవరించి మళ్లీ ప్రింటు తీస్తే, బావి గోరు నొక్కిన చోటికే వచ్చింది.

అప్పటికే తప్పు పటాలు రెవెన్యూ ఆఫీసుకు వెళ్లిపోయాయి. హద్దుల తగాదాలు వస్తే వాటినే చూస్తారు. “ఒక్క సెకనే గదయ్యా,” అన్నాడు మా పైఅధికారి.

బావి ఎక్కడికీ పోలేదు కదా సార్, అని నోటిదాకా వచ్చింది.